గ్రహణం మొర్రి ఆపరేషన్ అయిపోయిందని వదిలేస్తున్నారా..? 8-11 ఏళ్ల మధ్య ఇది మిస్ కావొద్దు!

నెలల పసికందుగా ఉన్నప్పుడే పెదవి కుట్టేశారు. ఆ తర్వాత అంగిలి కూడా సరిచేశారు. ఇక భయం లేదనుకుని చాలామంది తల్లిదండ్రులు ఆసుపత్రి వైపు వెళ్లడమే మానేస్తారు. కానీ, చిగుళ్ల దాకా చీలిక ఉన్న పిల్లలకు ఇంకో ముఖ్యమైన సర్జరీ మిగిలే ఉంటుంది. అదే బోన్ గ్రాఫ్ట్.

అసలు సమస్య ఏంటి?

పెదవి, అంగిలి ఆపరేషన్లతో చర్మం, కండరాలు కలుస్తాయి. పైదవడ ఎముకలో, పళ్లు నిలబడే చోట మాత్రం ఖాళీ అలాగే ఉండిపోతుంది. దాంతో కోరపన్ను దిగడానికి ఆధారం ఉండదు. పక్క పళ్లు వదులవుతాయి. ముక్కు ఒకవైపు కుంగినట్టు కనిపిస్తుంది. కొందరికి నీళ్లు తాగితే ముక్కులోంచి వస్తాయి.

ఎలా చేస్తారు?

ఎక్కువగా పిల్లల తుంటి ఎముక నుంచే కొంచెం మెత్తటి ఎముకను తీసి ఆ ఖాళీలో నింపుతారు. సొంత ఎముకే కాబట్టి శరీరం తిరస్కరించదు. కొన్ని నెలల్లో అది దవడతో కలిసిపోతుంది. కోరపన్ను దాని గుండానే కిందికి దిగుతుంది. దవడ ఇరుగ్గా ఉంటే ముందుగా క్లిప్పులాంటి పరికరంతో వెడల్పు చేస్తారు.

ఆ వయసే ఎందుకు?

మరీ చిన్నప్పుడు చేస్తే దవడ ఎదుగుదల దెబ్బతినొచ్చు. కోరపన్ను వచ్చేశాక చేస్తే ఎముక సరిగ్గా నిలిచే అవకాశం తగ్గుతుంది. అందుకే సాధారణంగా 8 నుంచి 11 ఏళ్ల మధ్య, ఎక్స్‌రేలో పన్ను వేరు ఎంత తయారైందో చూసి డాక్టర్లు టైమ్ ఫిక్స్ చేస్తారు. వయసు దాటినా సర్జరీ చేయొచ్చు, కాకపోతే పళ్ల విషయంలో ఫలితం అంత బాగా ఉండకపోవచ్చు.

ఆపరేషన్ తర్వాత..

తుంటి దగ్గర కొన్ని రోజులు నొప్పి ఉంటుంది, పిల్లలు కాస్త కుంటుతారు. డాక్టర్ చెప్పినన్నాళ్లు జావ, మెత్తటి అన్నం లాంటివే పెట్టాలి. నోరు శుభ్రంగా లేకపోతే ఇన్ఫెక్షన్ సోకి, పెట్టిన ఎముక కరిగిపోయే ప్రమాదం ఉంది.

గ్రహణం వల్లే వస్తుందా?

కాదు. గర్భం తొలి మూడు నెలల్లో బిడ్డ పెదవి, అంగిలి భాగాలు పూర్తిగా కలవకపోవడం వల్ల వస్తుంది. గ్రహణం రోజు బయటికి వచ్చిందని తల్లిని నిందించడం తప్పు.

అంగన్‌వాడీలు, ప్రభుత్వ బడుల్లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల వరకు పిల్లలకు చేసే పరీక్షల్లో మొర్రి కూడా ఉంది. మీ పిల్లలకు ఏడేళ్లు దాటాయా? అయితే పాత ఆపరేషన్ కాగితాలు పట్టుకుని ఒకసారి డాక్టర్‌ను కలవండి.