రంగులు చీరకే.. ఒంటికి కాదు!

పాత కాటన్ చీర మీద నాలుగు పూలు వేద్దామనో, అమ్మాయి కుర్తీకి అంచు దిద్దుదామనో కుంచె పట్టారు. డైనింగ్ టేబుల్ మీద రంగు డబ్బాలు, పక్కనే బ్రష్ కడిగే గ్లాసు, ఆ పక్కనే మీ టీ కప్పు. తల వంచి మొదలుపెడితే రెండు గంటలు ఇట్టే గడిచిపోతాయి. మనసు తేలికవుతుంది కానీ, లేచేసరికి మెడ పట్టేసి ఉంటుంది. కొందరికి తలనొప్పి కూడా! కూర్చునే తీరు, రంగులు వాడే పద్ధతి కాస్త మార్చుకుంటే బొమ్మా బాగా కుదురుతుంది, ఒళ్లూ బాగుంటుంది.

బొమ్మలు వేయడం మనసుకు మంచిదే. అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు 39 మంది పెద్దల చేత 45 నిమిషాల పాటు తమకు నచ్చిన బొమ్మలు, కళాకృతులు చేయించారు. వారిలో దాదాపు 75 శాతం మందికి ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తగ్గినట్టు 2016లో వెల్లడించారు. చేయి తిరిగినవారికే కాదు, కొత్తవారికీ ఈ మేలు కనిపించింది. కాబట్టి ‘నాకు బొమ్మలు రావు’ అని వెనకాడకండి.

ముందు బట్ట సిద్ధం చేయండి

కొత్త బట్టకు గంజి ఉంటుంది. దాని మీద రంగు సరిగా పట్టదు. అందుకే ముందుగా ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయండి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వాడొద్దు. ఉతికితే మిల్లులో పట్టించిన రసాయనాలూ కొంత పోతాయి కాబట్టి, సున్నితమైన చర్మం ఉన్నవారికి ఇది మరింత అవసరం. మన శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు కూడా కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో బట్టను నానబెట్టి, ఆరబెట్టాకే కలం పడతారు. పాలలోని కొవ్వు రంగు పక్కలకు పాకకుండా ఆపుతుంది.

బట్టను ఫ్రేముకు గానీ, ప్లాస్టిక్ షీటు పరిచిన అట్టకు గానీ ముడతలు లేకుండా బిగించండి. అప్పుడు రంగు అవతలి పొరకు అంటదు.

పలచగా.. రెండు పూతలు

ఫ్యాబ్రిక్ రంగులు ఎక్కువగా నీళ్లతో కలిపే అక్రిలిక్ రకాలే. అలాగని నీళ్లు ఎక్కువ పోస్తే గీత దాటి పాకుతాయి. పలచన చేయాలంటే ఫ్యాబ్రిక్ మీడియం కలపండి. ముందు చిన్న గుడ్డ ముక్క మీద వేసి చూసుకోండి. మందంగా ఒకే పూత వేస్తే ఆరాక బిరుసెక్కి పగులుతుంది. పలచగా ఒక పూత వేసి, అది ఆరాక రెండోది వేయండి. రేకులకు షేడ్ రావాలంటే ఫ్లాట్ బ్రష్‌కు ఒక మూల ముదురు రంగు, మరో మూల లేత రంగు అద్ది, ఒకే ఊపులో తిప్పండి.

ఒక రోజంతా ఆరనిచ్చాక బట్టను తిరగేసి ఇస్త్రీ చేయండి. ఎంత వేడి, ఎంతసేపు అన్నది డబ్బా మీద చూడండి. ఆవిరి వాడొద్దు, కిటికీ తీసి ఉంచండి. మూడు రోజులాగి, తిరగేసి చన్నీళ్లలో ఉతకండి.

నోటికి దూరం

బ్రష్ మొన సన్నగా రావాలని పెదాలతో తడుపుతున్నారా? వెంటనే మానేయండి. 1920ల నాటికి అమెరికాలో గడియారాల అంకెలకు రేడియం రంగు వేసే యువతులకు ఇలాగే మొన తీర్చమని నేర్పారు. ఆ రేడియం ఒంట్లో చేరి ఎందరో ప్రాణాలు కోల్పోయారు. మన రంగుల్లో రేడియం ఉండదు. అయితే పెయింటింగ్ రంగుల్లో కొన్నిటిలో కాడ్మియం, కోబాల్ట్ వంటి లోహాలుంటాయి. ‘నాన్ టాక్సిక్’ అంటే తినొచ్చని కాదు. బ్రష్ కడిగే నీళ్లకు తాగే గ్లాసు వాడొద్దు. చేతికంటిన రంగును సబ్బుతోనే కడగండి, థిన్నర్‌తో కాదు.

ఆయిల్ పెయింటింగ్ వేసేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. టర్పెంటైన్ ఆవిరితో తలనొప్పి, తల తిరగడం, కళ్ల మంట రావొచ్చు. గాలి ధారాళంగా ఆడేచోటే వాడండి. ఆస్తమా ఉన్నవారు, గర్భిణులు నీటి రంగులకు మారడం మేలు. లిన్‌సీడ్ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. ఆరుబయట విడిగా పరిచి ఆరబెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యం.. టర్పెంటైన్, కిరోసిన్‌లను మంచినీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింక్ సీసాల్లో పోయకండి. పిల్లలు పొరపాటున తాగితే ఆ ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణాల మీదికొస్తుంది. అలా జరిగితే వాంతి చేయించొద్దు. వాంతితో అది మళ్లీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సీసా వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మెడ, చేయి, కళ్లు

నేల మీద బట్ట పరిచి వంగి వేయడం మెడకు, నడుముకు శిక్షే. అట్టను టేబుల్ మీద కాస్త ఏటవాలుగా నిలపండి. కుడిచేతి వాటమైతే వెలుతురు ఎడమ నుంచి పడాలి. చేతి నీడ బొమ్మ మీద పడదు. 20 నిమిషాలకోసారి తలెత్తి, 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడండి. నలభై దాటాక సన్న గీతలు మసకగా కనిపిస్తుంటే అది చత్వారం కావొచ్చు. కళ్లు చికిలించి వేయడం కన్నా పరీక్ష చేయించుకోవడం మంచిది.

బ్రష్‌ను గట్టిగా బిగించి పట్టుకోవద్దు. సన్నటి పిడికి గుడ్డ చుట్టుకుంటే పట్టు సులువవుతుంది. బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లలో తిమ్మిరి వస్తూ, రాత్రిళ్లు ఎక్కువవుతుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటోందేమో డాక్టరును అడగండి. మధుమేహం, థైరాయిడ్ సమస్య ఉన్నవారిలో ఇది ఎక్కువ.

చీర ఈ ఆదివారమే పూర్తవ్వాలన్న రూలేమీ లేదు. రోజుకు ముప్పావు గంట చాలు. ఈసారి కుంచె పట్టే ముందు మాత్రం టీ కప్పును వంటింట్లో పెట్టి రండి.