నాలుగు నెలల పోరనికి పాట రాసుడు ఎట్ల?

పెండ్లి బరాత్‌ల మా బ్యాండు పోతుంటె ఫోన్లు పట్టి వీడియోలు తీసేటోళ్లు మస్తుమంది. ఆ క్లారినెట్, ఆ ట్రంపెట్ మా పోరగాండ్లు ఎట్ల నేర్సుకుంటరని అడిగినోళ్లు మాత్రం నాకు పెద్దగ తగల్లేదు. నేను క్లారినెట్ ఊదుతా. ఈ వాయిద్యాలు ఇంగ్లిషోళ్ల పటాలం బ్యాండుల నుంచి మన ఊర్లకు దిగినయ్. అవే వాయిద్యాలు ఇయ్యాల అమెరికా బడులల్ల పదకొండు, పన్నెండేండ్ల పిల్లల చేతుల ఉన్నయ్. ఆ పిల్లల కోసమే పాటలు కట్టే పని ఒకటి అక్కడ నడుస్తది. ‘పిల్లల పాటలే కదా’ అని దాన్ని అల్కగ చూసేటోళ్లు అక్కడ కూడ ఉన్నరు. నా లెక్కల అది పెద్దోళ్లకు రాసుడు కంటె కష్టం. ఎందుకో చెప్త.

ముందు కాన్సర్ట్ బ్యాండు అంటే ఏందో తెలువాలె. రోడ్డు మీద నడుసుకుంట వాయించేది కాదది. కుర్సీలేస్కొని, ముంగట కాయితం పెట్టుకొని వాయిస్తరు. వయొలిన్లు ఉండయ్. ఫ్లూట్, క్లారినెట్, సాక్సఫోన్, ట్రంపెట్, హార్న్, ట్రాంబోన్, ట్యూబా, డ్రమ్ములు. చానా బడులల్ల ఐదో క్లాసులనో ఆరో క్లాసులనో మొదలుపెడ్తరు. లెక్కల పీరియడ్ లెక్క బ్యాండు పీరియడ్ ఉంటది. టెక్సాస్ దిక్కు, న్యూజెర్సీ దిక్కు మనోళ్ల పిల్లలు కూడ గీ బ్యాండ్లల్ల కూసుంటున్నరు. మా అక్క బిడ్డ అక్కడ ఆరో క్లాసుల క్లారినెట్ తీస్కున్నది. నా చేతిల ఉన్న వాయిద్యమే కదా అని ఆమె కాయితాలు చూసుడు షురూ చేసిన. అప్పటి నుంచి ఇడిసిపెట్టలే.

పాటలకు అక్కడ గ్రేడ్లు ఉంటయ్. గ్రేడ్ 1 అంటే మొదటి ఏడాది పిల్లలకు, 5, 6 అంటే కాలేజీ, ఉస్తాద్‌లకు. గ్రేడ్ 1 పాట రెండు మూడు నిమిషాలల్ల అయిపోతది. తక్కువ స్వరాలు, సక్కటి తాళం. చూస్తె ‘గింతేనా’ అనిపిస్తది. గాని ఆ కొద్ది స్వరాలు ఏవి పెట్టాలె, ఏవి పెట్టొద్దు అన్నకాడనే ఉన్నది పనితనమంతా.

నా వాయిద్యంతోనే చెప్త. ఫ్లూటుల, సాక్సఫోన్‌ల పై స్థాయికి ఎక్కితె ఎనిమిదో స్వరం పలుకుతది, అంటే కింద ‘స’ పట్టిన వేళ్లతోనే పైన ‘స’ వస్తది. క్లారినెట్ మొండిది. దానిల పన్నెండో స్వరానికి దుంకుతది. గందుకే నడుమ ఒక గండి ఉంటది. గండికి ఇవతల ‘ఏ’ స్వరం ఒక్క వేలితోని పలుకుతది. అవతల ఉన్న ‘బీ’కి వేళ్లన్నీ ఒక్కపారి మూసి, బొటనేలుతోని వెనక మీట నొక్కాలె. ఒక్క వేలు ఎంట్రుకంత జరిగినా కీచుమంటది. పదకొండేండ్ల పొల్ల వేళ్లు సన్నగ ఉంటయ్, రంధ్రాలు పూర్తిగ మూసుకోవు. గందుకే గ్రేడ్ 1ల క్లారినెట్‌ను ఆ గండి దాటనియ్యరు. మొదట నేర్పే ఐదు స్వరాలు ఎసొంటియంటే, ఎడమ చెయ్యి ఒక్కటి చాలు. కుడి చెయ్యి వాయిద్యాన్ని మోస్తె చాలు.

ట్రంపెట్‌కు వేళ్లతోని తక్లీఫ్ లేదు, మూడే మీటలు. పెదవితోనే కష్టం. కొత్త పోరని పెదవి జల్ది అలిసిపోతది, అలిసినంక పై స్వరం పలకదు, పలికిద్దామని గట్టిగ ఒత్తుతడు, పెదవి ఇంకింత సస్తది. పాట రాసేటాయన స్వరాలు ఎంత కొలుస్తడో, నడుమ ఇచ్చే ఖాళీలు కూడ అంతే కొలువాలె. ట్రాంబోన్‌కైతే చెయ్యి పొడుగు కావాలె. గొట్టం బయటికి గుంజేదానికి ఏడు జాగలు ఉంటయ్, ఏడోదాని దాకా చిన్నోని చెయ్యి అందదు. అందని స్వరం కాయితం మీద పెడితె తప్పు పోరనిది కాదు, రాసినాయనది. ట్యూబాకు ఊపిరి మస్తు తాగే గుణం, అందుకే పొడుగు వరుసలు రాయరు. హార్న్‌ల స్వరాలు ఒకదాని పక్కన ఒకటి ఇరుకుగ ఉంటయ్, ఒకటి ఊదబోతె ఇంకోటి పలుకుతది. హార్న్ ఊదే పిల్లకు తోడుగ ఆల్టో సాక్సఫోన్‌కు అదే వరుస ఇస్తరు, చెవుల పడితె దారి దొరుకుతదని.

ఇంకో చిక్కు శ్రుతిది. ఈ వాయిద్యాలల్ల ‘సీ’ అని రాసున్నది వాయిస్తె అందరికీ ఒకటే సప్పుడు రాదు. బీ ఫ్లాట్ సప్పుడు కావాల్నంటే క్లారినెట్, ట్రంపెట్ కాయితం మీద ‘సీ’ ఉంటది, ఆల్టో సాక్సఫోన్‌కు ‘జీ’ ఉంటది, హార్న్‌కు ‘ఎఫ్’. ఎవ్వరికీ వంకర వేళ్లు పడకుండ ఉండాల్నంటే బీ ఫ్లాట్, ఈ ఫ్లాట్ శ్రుతులే నయం. గందుకే ఆ పిల్లల పాటలు ఎక్కువ శాతం ఆ రెండింటి సుట్టే తిరుగుతయ్.

నాకు బాగ నచ్చింది ఇంకోటి ఉన్నది. ట్యూబా పోరనికి ఆ రోజు జరమొచ్చిందనుకోరి. పాట కూలిపోవద్దు. అందుకని కింది వరుస బాస్ క్లారినెట్‌కు, బారిటోన్ సాక్సఫోన్‌కు కూడ రాస్తరు. చిన్న బడిల బసూన్ ఉండకపోవచ్చు, ఆ ముక్కను ఇంకొకరి కాయితంల చిన్న అక్షరాలతోని పెడ్తరు, లేనప్పుడు వీళ్లు ఊదుతరు. డ్రమ్ముల దిక్కు ఆరేడుగురు నిలబడి ఉంటరు కాబట్టి గంటలకు, ట్రయాంగిల్‌కు, పెద్ద డోలుకు తలా ఒక పని పెడ్తరు. ఉత్తగ నిలబెట్టి ఆఖరుల ఒక్క తాళం కొట్టిస్తె ఆ పోరడు రేపటి నుంచి వస్తడా?

అంతా మంచే అని చెప్త లేను. పాటలు అచ్చేసే కంపెనీలు ఏటేటా కుప్పలు తెప్పలుగ దించుతయ్. చానా వరకు ఒకే అచ్చు. పేర్ల తుపానో రాకాసో ఉంటది, మొదట ధడధడ డ్రమ్ములు, నడుమ మెల్లగ ఒక ముక్క, మళ్ల ధడధడ. నాలుగు వింటె ఐదోది చెప్పొచ్చు. కొలతలన్నీ సరిగ్గనే ఉంటయ్, పాటల పానమే ఉండది. చిన్న కొలతల పానం పెట్టుడే అసలు పరీక్ష.

దానికి కూడ అక్కడ కొందరు నిలబడిన్రు. అమెరికన్ కంపోజర్స్ ఫోరమ్ అనే సంస్థ ‘బ్యాండ్‌క్వెస్ట్’ పేరుతోని పెద్ద పెద్ద సంగీతకారులతోనే బడి పిల్లలకు రాయించింది. పులిట్జర్ అవార్డు వచ్చిన మైఖేల్ కోల్‌గ్రాస్ ‘ఓల్డ్ చర్చెస్’ రాసిండు. జెన్నిఫర్ హిగ్డన్ 2004ల ‘రిథమ్ స్టాండ్’ రాసింది, దానిల పిల్లలు కాయితాలు పెట్టుకునే స్టాండ్ల మీదనే తాళం కొడ్తరు. ఆమెకు పులిట్జర్ తర్వాత, 2010ల వచ్చింది. ఇగ ఫ్రాంక్ టికెలి సంగతి చూడురి. 1999ల కొలంబైన్ హైస్కూల్‌ల కాల్పులు జరిగి పన్నెండుమంది పిల్లలు, ఒక సారు సచ్చిపోయిన్రు. వాళ్ల యాదిల టికెలి ‘ఆన్ అమెరికన్ ఎలిజీ’ కట్టిండు. 2000ల దాన్ని మొదట వాయించింది ఆ బడి పిల్లల బ్యాండే. అది మొదటి ఏడాది పిల్లలకు అందే పాట కాదు, గాని బడి పిల్లల కోసమే రాసింది. దోస్తులను పోగొట్టుకున్న పిల్లల ముంగటికి తీస్కపోయే పాట ఎంత నిజంగ ఉండాలె!

ఇప్పుడు మన ముచ్చట. మా బ్యాండ్లల్ల పోరడు పెద్దోళ్ల ఎనక కూసొని, చెవులతోని నేర్సుకుంటడు. దాన్ని నేను తక్కువ చెయ్య. అమెరికా పిల్లలకు కాయితం తీసేస్తె చానామంది ఆగిపోతరు, మావోడు రాత్రి ఇన్న పాట పొద్దుగాల ఊదుతడు. ఆ చెవి మన ఆస్తి. గాని మొదటి నెల నుంచే వాని ముంగట సినిమా పాట పెడ్తం. అది పాడేటోళ్ల గొంతుకు కట్టింది, పోరని పెదవికి కాదు. మీదికెళ్లి గంటలకొద్ది బరాత్. పెదవి పగిలి, పై స్వరం రాక, ‘వీనికి రాదు పో’ అనిపించుకొని ఎంతమంది బ్యాండు ఇడిసి సెంట్రింగ్ పనికి పోయిన్రో నేను చూసిన. కొంతమందిని గలగల డబ్బాలు ఊపే కాడ నిలబెట్టి, ఏండ్లకేండ్లు అక్కడనే ఉంచుతరు. వాళ్లకు రాక కాదు, వాళ్ల కొలతకు పాట లేక.

మనకాడ పాటలకు కరువా? మన బతుకమ్మ పాటలు మస్తుగ ఐదారు స్వరాల లోపలనే తిరుగుతయ్. ఊరంతా కలిసి పాడేదానికి పుట్టినయ్ కదా, గట్లనే ఉంటయ్. బీ ఫ్లాట్‌ల పెడితె క్లారినెట్ పోరనికి ఎడమ చేతి స్వరాలల్లనే చానా మటుకు అయిపోతది. ట్రంపెట్‌కు ఒక వరుస ఊదంగనే ఒక వరుస ఖాళీ ఇయ్యాలె, ఆ ఖాళీల క్లారినెట్లు అందుకుంటయ్, ఒకామె పాడితె మిగిలినోళ్లు అందుకున్నట్టు. ట్యూబా మనకు లేదు, యుఫోనియం ఉన్నది, కింద రెండే స్వరాలు పట్టుకుంటె సాలు. డప్పు తెలిసిన పోరడు సైడ్ డ్రమ్ కాడ ఎట్లనూ ఆగడు.

రాసేదానికి పైసలు కూడ అక్కర్లేదు. మ్యూజ్‌స్కోర్ అని కంప్యూటర్ల ఉచితంగ దొరుకుతది. ఒక్కపారి పాట ఎక్కిస్తె ఏ వాయిద్యానికి ఏ శ్రుతిల కాయితం కావాల్నో అదే మార్చి ఇస్తది. వాయించి వినిపిస్తది కూడ, అంటే కాయితం సదువరాని పోరనికి ఫోన్‌ల పంపియ్యొచ్చు. డిగ్రీ సదివి ఊర్ల ఖాళీగ ఉన్న తమ్ముండ్లు, చెల్లెండ్లు, ల్యాప్‌టాప్ ఉన్నోళ్లు, మీ ఊరి బ్యాండు మాస్టర్ పక్కన నాలుగు సాయంత్రాలు కూసోరి. ఏ పోరడు ఏ స్వరం దాకా పోతడు, ఎవని పెదవి ఎంతసేపు నిలుస్తది, ఆయనకు నోటికి తెలుసు. ముందు అది కాయితం మీద ఎక్కియ్యురి, పాట దాని తర్వాత.