బ్యాట్ తెచ్చినోడే అంపైరా?

2008లో శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ వచ్చినప్పటి నుంచి చుట్టూ గోడౌన్లు, విల్లాలు లేస్తూనే ఉన్నాయి. వాటి కాంట్రాక్టు కాగితాలు చదవడం నా పని. చదరపు అడుగు రేటు దగ్గర గంటలు బేరమాడేవాళ్లు ఆర్బిట్రేషన్ క్లాజ్ రాగానే ‘అది ఎప్పుడూ ఉండేదే కదన్నా’ అని సంతకం పెట్టేస్తారు. బిల్లు ఆగిన రోజు వెతికేది ఆ పేరానే!

మొన్న ఒక సబ్‌కాంట్రాక్టర్ తెచ్చిన కాగితంలో, గొడవొస్తే తీర్పు చెప్పే ఆర్బిట్రేటర్‌ని కంపెనీ ఎండీయే నియమిస్తాడని ఉంది. గల్లీ క్రికెట్‌లో బ్యాట్ తెచ్చినోడే అంపైర్ అన్నట్టు. ఫలితంతో సంబంధం ఉన్నవాళ్లు ఏకైక ఆర్బిట్రేటర్‌ని నియమించకూడదని 2019లోనే పర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా పాత క్లాజ్ కాపీ పేస్ట్ అవుతూనే ఉంది. దాన్ని సవాలు చేస్తూ హైకోర్టుకెళితే, ఈలోగా కూలీలకి డబ్బులెవరిస్తారు? అందుకే ముందే రాయించుకోవాలి: ఇద్దరూ ఒప్పుకున్న వ్యక్తి, కుదరకపోతే ఏదైనా ఆర్బిట్రేషన్ సంస్థ నియమించే వ్యక్తి అని. 2021 డిసెంబర్‌లో మొదలైన ఐఏఎంసీ హైదరాబాద్‌లోనే ఉంది.

‘ఇద్దరూ ఒప్పుకుంటే ఆర్బిట్రేషన్‌కి పంపవచ్చు’ అని ఉంటే అసలు ఒప్పందమే లేనట్టు. 2007 నాటి తీర్పు అది. ‘పంపాలి’ అనే ఉండాలి.

ఇక సీటు. అంటే ఏ ఊరి కోర్టుకి అధికారం అన్నది. పని శంషాబాద్‌లో, ఆ కాగితంలో సీటు మాత్రం ముంబై. కొట్టేసి హైదరాబాద్ అని రాశాను. కంపెనీ ఇంకా జవాబివ్వలేదు.