బొజ్జ తగ్గుటకు పస్తులక్కరలేదు

నేతపనివారికి కన్ను, కాలు రెండే ఆస్తి. తెగిన పోగు అతుకవలెనన్న కన్ను కావలెను. మగ్గము త్రొక్కవలెనన్న కాలు కావలెను. చక్కెర వ్యాధి ముదిరినచో దెబ్బతగులు అవయవములలో ఈ రెండును ఉన్నవి. చూపు మందగించును, పాదములకు స్పర్శ తగ్గును. నడుము చుట్టు పేరుకొన్న క్రొవ్వు ఆ వ్యాధికి దారితీయు కారణములలో ఒకటి. కావున బరువు మాట సోకు కొరకు గాక, కూటి కొరకే వ్రాయుచున్నాను.

వెనుకటి తరమువారు వీధిలో పడుగు సాచి, గంజి పట్టించి, కుంచెతో ఈ కొస నుండి ఆ కొసకు ఎన్ని మార్లు నడిచెడివారో! నేడు చాలచోట్ల పడుగు బీముకు చుట్టి సిద్ధముగా వచ్చుచున్నది. షోలాపురము, భివండీలలో మరమగ్గములు నడుపు మనవారికి నిలుచుట కలదు గాని కాలుసేతులకు మునుపటి శ్రమ లేదు. శ్రమ తగ్గినది, కంచములో అన్నము తగ్గలేదు. పైగా తీపి టీ, బిస్కెట్లు, మిక్చరు వచ్చి చేరినవి. బొజ్జ సిరికి గుర్తని మురియు పెద్దలు ఇంకను ఉన్నారు. వారితో వాదము పెట్టుకొనను.

టీ లెక్క ఒక్కటి చూడుడు. రోజుకు ఆరు గ్లాసులు, గ్లాసుకు రెండు చెంచాల పంచదార. చెంచాకు 5 గ్రాముల చొప్పున 60 గ్రాములు, అనగా 240 కాలరీలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన ప్రకారము రోజంతటికి 25 గ్రాముల లోపున్నచో మరింత మేలు. మూడు గ్లాసులకు, చెంచా చొప్పునకు దిగినచో 15 గ్రాములే అగును. రోజుకు 180 కాలరీలు తగ్గును. కిలో క్రొవ్వనగా సుమారు 7,700 కాలరీలు గనుక, కాగితము మీద నెలన్నరకు కిలో. శరీరము సర్దుకొనును గావున అసలు తగ్గుదల ఇంతకన్న నెమ్మదిగనే ఉండును. ఒక్కసారిగా మానవలదు. రెండు చెంచాలను ఒకటిన్నర చేసి, పదిహేను దినములకు ఒకటి చేసినచో నాలుక దానంతట అదే అలవాటుపడును. సంఘ సమావేశములలో మొగమాటమునకు త్రాగు టీ కూడ ఈ లెక్కలోనిదే!

మిగిలిన అన్నము పారవేయలేక తినుట మన ఇల్లాండ్రకు అలవాటు. తప్పు వారిది కాదు, కొలతది. ఎసటిలో పిడికెడు బియ్యము తక్కువ పోయుడు. మారు వడ్డనకు అన్నము బదులు పప్పో కూరో వేసికొనుడు. కండెలు చుట్టుచు దినమంతయు కూర్చుండువారు భోజనమైన పిదప పది నిమిషములు వీధిలో నడచుట మంచిది.

చెన్నైలో డాక్టరు ఎ. రామచంద్రన్ బృందము చక్కెర వ్యాధి అంచున నున్నవారిని మూడేండ్లు పరిశీలించి, 2006లో ఫలితములు ప్రకటించినది. ఊరక నున్నవారిలో నూటికి 55 మందికి వ్యాధి రాగా, తిండి దిద్దుకొని నడక అలవరచుకొన్నవారిలో సుమారు 39 మందికే వచ్చినది. వీరి బరువు పెద్దగా తగ్గకయే ఈ మేలు కలిగినది! కావున కాటా ముల్లు కదలలేదని నడక మానరాదు.

పస్తులు, సన్నబరచు పొడులు వలదు. చక్కెర వ్యాధికి మాత్రలు, ఇంజెక్షన్లు వాడువారు భోజనము మానినచో కండ్లు తిరిగి పడిపోవచ్చును. వైద్యునడిగియే తిండి మార్చవలెను. ఏమియు చేయకయే బరువు తగ్గిపోవుచున్నవారు సంతోషింపక వెంటనే పరీక్ష చేయించుకొనవలెను. బక్కచిక్కిన వారికి, గర్భిణులకు ఈ వ్యాసముతో పని లేదు.

కొలుచుటకు టేపు మన ఇండ్లలో ఉన్నదే. నడుము పురుషులకు 90 సెంటీమీటర్లు, అనగా సుమారు 35½ అంగుళములు, స్త్రీలకు 80, అనగా 31½ అంగుళములు దాటరాదు. నూలు తూచు పెద్ద కాటా గల సంఘములలో వారమున కొకసారి, టీకి ముందు, సభ్యులు దానిపై నిలిచి బరువు వ్రాసికొనవచ్చును. దానికి రుసుము లేదు.