పాశ్చాత్య శిల్పములో దిగంబర పురుషుడు

నేటి ప్రసంగమునకు నేను గైకొన్న విషయము వినగానే పెద్దలు కొందఱు నొసలు ముడివేయవచ్చును. బట్టలేని మగవాని బొమ్మను గూర్చి రేడియోలో ముచ్చటింపవలసిన పని యేమని వారికి తోచవచ్చును. కాని శ్రావణబెళగొళములో పదవ శతాబ్దమున వెలసిన గోమటేశ్వరుని యెదుట చేతులు జోడించి నిలిచినవారు మనలో లేకపోలేదు. అచ్చట మనకు సిగ్గు కలుగదు. ఏలయన అది సర్వమును త్యజించినవాని దేహము. పడమటి దేశములవారును ఇరువదియాఱు శతాబ్దములనుండి దిగంబర పురుషుని చెక్కుచునే యున్నారు. అయితే వారు చెక్కినది త్యాగిని గాదు. మల్లుని, యోధుని, ఒక్కొక్కతఱి చక్రవర్తిని. మగవాడనగా నెట్టివాడు అను ప్రశ్నకు ఆయా కాలములవా రిచ్చిన సమాధానము ఆ రాళ్లలో నిలిచియున్నది.

ఈ కథ గ్రీసు దేశమున ఆరంభమగును. గ్రీకు భాషలో 'గుమ్నోస్' అనగా దిగంబరుడు; వారి సాముగరిడికి 'జిమ్నాసియము' అను పేరు ఆ మాటనుండియే పుట్టినది. అచ్చట యువకులు ఒడలికి నూనె పూసికొని, దుమ్ములో పెనగులాడి, పిదప ఆ జిడ్డును కంచుబద్దతో గీకివేసికొనెడివారు. క్రీస్తునకు పూర్వము 590 ప్రాంతమున చెక్కిన యువకుని విగ్రహ మొకటి న్యూయార్కు నగరములోని మెట్రోపాలిటన్ మ్యూజియములో కలదు. చేతులు ప్రక్కలకు బిగించి, ఎడమకాలు ముందునకు సాచి నిటారుగా నిలిచియుండును. ఆ నిలుకడ ఈజిప్టు శిల్పులనుండి గ్రీకులు నేర్చినది. ఈజిప్టువారు నడుమున వస్త్రమును చెక్కెడివారు. గ్రీకులు దానిని తీసివేసిరి. మఱి నూటయేబది యేండ్లకు పాలిక్లైటస్ అను శిల్పి, బల్లెము పట్టిన వీరుని కంచుతో పోతపోసి, బరువంతయు ఒక కాలిపై మోపించి, రెండవ కాలిని సడలించెను. దానితో విగ్రహమునకు ఊపిరి వచ్చినట్లయినది. మూలవిగ్రహము నశించినది గాని, రోమకులు చెక్కించిన చలువరాతి నకళ్లు మిగిలినవి.

ఇచ్చట ఒక సంగతి దాచక చెప్పవలసియున్నది. గ్రీకులు తమ ఆదర్శపురుషుని గుహ్యాంగమును చిన్నదిగనే చెక్కిరి. ద్రాక్షమద్యము త్రాగి అడవులలో చిందులు త్రొక్కు సగము పశువులైన సాటిరులకు మాత్రమే పెద్దదిగా చిత్రించిరి. పౌరుషమనగా కామము గాదు, నిగ్రహమని వారి భావము. ఇది వినుటకు సొంపుగనే యున్నది. కాని ఏథెన్సు నగరమున బానిసలు గరిడీలో సాము చేయరాదని శాసనముండెను. స్త్రీల విగ్రహములకు చిరకాలము నిండు వస్త్రములే తొడిగిరి. కాబట్టి ఆ దిగంబరత్వము సర్వమానవులదిగాదు. స్వతంత్రుడైన పౌరుని బిరుదుబిళ్ల వంటిది.

రోమకులు మొదట దీనిని చూచి సిగ్గుపడి, తరువాత మోజుపడిరి. టివోలిలో దొరకిన సేనానాయకుని విగ్రహమున ముడుతలుపడిన ముదుసలి మొగము క్రింద, పాతికేండ్ల మల్లుని ఒడలు కనబడును! పిదప క్రైస్తవమతము ప్రబలి, నగ్నదేహము సిగ్గుపడు ఆదామునకును, సిలువపై బాధపడు క్రీస్తునకును చెందినదాయెను.

మరల దిగంబరవీరుడు తలయెత్తినది ఇటలీలోని ఫ్లారెన్సులో. 1464లో ఒకరు మొదలుపెట్టి విడిచిన చలువరాతి దిమ్మ యొకటి అచ్చట ఎండకు వానకు పడియుండగా, 1501లో ఇరువదియాఱేండ్ల మైకెలాంజిలో దానిని చేపట్టి, 1504 నాటికి పదునేడడుగుల దావీదును వెలికిదీసెను. రాక్షసుని చంపిన తరువాతి గర్వము ఆ మొగమున లేదు. చంపుటకు ముందుండు జంకును, పట్టుదలయు కలవు. ఏలికలను వెడలగొట్టిన చిన్న రాజ్యము ఆ గొల్లపిల్లవానిలో తన్ను తాను చూచుకొన్నది. అయినను విగ్రహమును తరలించునపుడు కొందఱు రాళ్లు రువ్విరి. నిలిపిన పిమ్మట మొలకు లోహపుటాకుల దండ కట్టిరి. అదే శిల్పి రోములో 1541లో ముగించిన అంతిమతీర్పు చిత్రమునకు అంతకన్న కష్టము వచ్చినది. మతసభ ఆజ్ఞపై 1565లో డానియేలె అను చిత్రకారుడు అందలి మూర్తులకు వస్త్రములు వ్రాసి, 'లాగులవాడు' అను ఎగతాళిపేరు సంపాదించెను. పాపము, అతడు స్వయముగా మంచి చిత్రకారుడు. లోకమునకు జ్ఞాపకమున్నది లాగులే.

తరువాతి మూడువందల యేండ్లు విద్యార్థి చిత్రలేఖనము నేర్చుట యనగా నగ్నపురుషుని యెదుట కూర్చుండి వ్రాయుటయే. ఈ చదువు స్త్రీలకు నిషిద్ధము. 1768లో లండనులో రాయల్ అకాడమీ వెలసినపుడు స్థాపకులలో ఇద్దఱు స్త్రీలుండిరి. సభ్యులందఱు నగ్నపురుషుని చుట్టు చేరినట్లు జోఫనీ వ్రాసిన పటములో ఆ ఇద్దఱు మాత్రము గోడమీది పటములుగా వ్రేలాడుచుందురు! ఆ పాఠశాలలో విద్యార్థినులకు మొలవస్త్రము కట్టిన పురుషుని చూచి వ్రాయు అనుమతి 1893లో గాని రాలేదు. అమెరికాలో ఈకిన్స్ అను ఉపాధ్యాయుడు స్త్రీలున్న తరగతిలో పురుషుని గోచి తీసివేసినందులకు 1886లో ఉద్యోగము వదలవలసివచ్చెను.

నెపోలియను కథ వినదగినది. 1802లో ఆయన కనోవా అను ఇటలీ శిల్పికి తన విగ్రహము చెక్కు పని యిచ్చెను. శిల్పి ఆయనను యుద్ధదేవతగా, దిగంబరునిగా, పదునొకండడుగుల పైయెత్తున చెక్కెను. 1811లో అది పారిసు చేరినపుడు నెపోలియను చూచి, కండలు మితిమీఱినవని జనులకు చూపనీయలేదు. ఒంటిపై కొవ్వు చేరుచున్న మనిషికి అద్దముకన్న ఆ రాయియే ఎక్కువ నొప్పి కలిగించియుండునని నా ఊహ. 1816లో ఇంగ్లీషు ప్రభుత్వము దానిని కొని, ఆయనను ఓడించిన వెల్లింగ్టనుకే బహుమానముగా నిచ్చినది. లండనులో ఆ యింటి మెట్లప్రక్క నేటికిని నిలిచియున్నది.

పందొమ్మిదవ శతాబ్దమున పురుషుడు నల్లకోటులో దాగికొనెను. చిత్రములలో నగ్నత్వము స్త్రీ పాలబడినది. మగవాడిక చూచువాడేగాని చూడబడువాడు కాడు. 1884లో కాయిబొట్ అను ఫ్రెంచివాడు స్నానముచేసి వీపు తుడుచుకొను సామాన్యుని చిత్రింపగా, 1888లో బ్రస్సెల్సు ప్రదర్శనమున దానిని ఒక మూలగదిలో పెట్టిరి. వీరుడు బట్టలు లేకయుండవచ్చును, ప్రక్కింటివాడు ఉండరాదు కాబోలు! ఆ దినములలోనే శాండో అను జర్మను మల్లుడు గ్రీకు విగ్రహమువలె నిలిచి ఫొటోలు తీయించుకొని కీర్తికెక్కెను. 1905 ప్రాంతమున మన దేశమునకును వచ్చెను. మన కోడి రామమూర్తి నాయుడుగారిని 'ఇండియన్ హెర్క్యులిస్' అనినపుడు ఆ గ్రీకు వీరుని పేరే మన యూళ్లలో తిరిగినది.

నన్ను మిక్కిలి కలచిన సంగతి ఇక చెప్పెదను. 1914లో మహాయుద్ధము వచ్చినపుడు డెర్వెంట్ వుడ్ అను ఇంగ్లీషు శిల్పి వయసుమీఱి పోరాడజాలక, లండనులోని సైనికాసుపత్రిలో సేవకుడుగా చేరెను. అచ్చట ముక్కును దవడయు ఎగిరిపోయిన పిన్నవాండ్రను చూచెను. వారి ముఖములకు అచ్చుతీసి, గాయపడకముందటి ఫొటోలు చూచి, పలుచని లోహపు రేకుతో ముసుగులు చేసి, చర్మపు రంగు పూసి తొడిగెను. సైనికులు ఆ గదిని 'తగరపు ముక్కుల అంగడి' యని పిలిచిరి. యుద్ధము ముగిసిన పిదప మరఫిరంగిదళము వారి స్మారకచిహ్నమును ఈతడే చెక్కి, 1925లో హైడు పార్కు మూలను నిలిపెను. అది ఏమనుకొందురు? గాయము లేని, మచ్చ లేని, దిగంబరుడైన దావీదు! ఇరుప్రక్కల ఆకుల దండలు చుట్టిన నిజమైన మరఫిరంగులు. పీఠముపై దావీదు పదివేలమందిని హతముచేసెనను అర్థముగల బైబిలు వాక్యము. ముక్కులేని మొగములను అంతగా ఎఱిగిన చేయి ఈ మొగమును ఏల చెక్కెనో! అడిగినవారికి అదియే కావలసియుండెనేమో. లేక ఆ పిల్లవాండ్రు మునుపెట్లుండిరో అతడు తలచుకొనెనేమో. నా మట్టుకు ఆ లోహపు ముసుగులే గొప్ప శిల్పములని తోచును.

అంతటితో ఆగలేదు. ముస్సోలిని 1932లో రోములో చలువరాతి మల్లులతో క్రీడారంగమును చుట్టించెను. 1939లో బ్రేకర్ అను శిల్పి హిట్లరు కచేరి ముంగిట ఇద్దఱు దిగంబరులను నిలిపెను; ఒకడు పార్టీ, రెండవవాడు సైన్యము. వారిలో మైకెలాంజిలో దావీదునకున్న జంకు లేదు. సందేహమెఱుగని కండలవి. అట్టి దేహము లేనివారిని, అంగవైకల్యము గలవారిని అదే ప్రభుత్వము ఆ సంవత్సరమునుండియే చంపనారంభించెను.

తరువాతి చిత్రకారులకు అట్టి కండలపై నమ్మకము సడలినది. లండనులో లూసియన్ ఫ్రాయిడ్ పొట్ట జాఱిన, అలసిన మగవారిని చిత్రించెను. 1973లో సిల్వియా స్లై అను చిత్రకారిణి, స్త్రీలకు బదులు తన భర్తను, అతని మిత్రులను స్నానశాలలో కూర్చుండబెట్టి వ్రాసెను. 2012లో వియన్నాలోని లియోపోల్డు మ్యూజియము నగ్నపురుషుల చిత్రములను ప్రదర్శించినపుడు, ముగ్గురు దిగంబర ఫుట్‌బాలు ఆటగాండ్రున్న ప్రకటనలను వీథులలో అంటించిరి. పిల్లలు చూచుచున్నారని ఫిర్యాదులు వచ్చినవి. మ్యూజియమువారే ఎఱ్ఱని కాగితపు పట్టీలు తెచ్చి, ఆ ముగ్గురి మొలలకు అడ్డముగా అంటించిరి.