వగరు తెలిస్తే... వైన్‌ తెలిసినట్టే!

ఖరీదైన సీసాలు అక్కర్లేదు. లావుపాటి పుస్తకాలూ అవసరం లేదు. వారానికో అరగంట, రెండు గ్లాసులు, ఓ నోట్‌బుక్కు ఉంటే... తీరిక లేనివాళ్లు కూడా వైన్‌ ఓనమాలు నేర్చేసుకోవచ్చు. తాగడం కోసం కాదు, తెలుసుకోవడం కోసం!

మన ఊళ్లలో ‘వైన్స్‌’ అన్న బోర్డు కనిపించని బజారు అరుదు. విచిత్రమేంటంటే, ఆ బోర్డు కింద అమ్ముడయ్యేది ఎక్కువగా విస్కీ, బ్రాందీ, బీరు. అసలు వైన్‌ ఎక్కడో పై అరలో ఓ మూల ఉంటుంది. పేరేమో అంత పరిచయం, సరుకేమో ఇంత అపరిచితం!

అందుకే ఆఫీసు పనిమీద పెద్ద హోటల్లో విందుకెళ్లినప్పుడో, విదేశాల్లో క్లయింటు పక్కన కూర్చోవాల్సి వచ్చినప్పుడో చాలామందికి చిక్కొచ్చి పడుతుంది. బేరర్‌ జాబితా చేతికిస్తాడు. పేర్లు చదవబోతే నోరు తిరగదు. చివరికి చూపు ధరల వరుస మీదకు పోతుంది. మరీ చౌకదైతే బాగుండదు, మరీ ఖరీదుదైతే గుండె గుభేల్‌. మధ్యలో ఉన్నదేదో చూపించేసి ఊపిరి పీల్చుకుంటారు.

నిజానికి ఇదేం బ్రహ్మవిద్య కాదు. ఏటా ఉగాది పచ్చడి తినే నాలుకకు అసలే కొత్త కాదు. వైన్‌ రుచిలో కొత్తవాళ్లను తికమకపెట్టే ‘టానిన్‌’ అన్నమాటకు మన దగ్గర ఎప్పట్నుంచో అచ్చమైన పదం ఉంది. అదే... వగరు!

రంగంతా తొక్కదే!

ద్రాక్షరసంలోని చక్కెరను ఈస్ట్‌ తినేస్తుంది. ఆల్కహాల్‌నీ కార్బన్‌ డయాక్సైడ్‌నీ వదులుతుంది. అదే వైన్‌. చక్కెర మొత్తం అయిపోతే వచ్చేది ‘డ్రై’ వైన్‌. అంటే తీపి లేనిదని అర్థం. కొంత మిగిలితే తియ్యగా ఉంటుంది.

మరి ఎరుపు, తెలుపు తేడా? నల్లద్రాక్షను నలిపి చూస్తే విషయం తెలిసిపోతుంది. చాలా రకాల్లో లోపలి రసానికి రంగే ఉండదు. తొక్కలతో కలిపి పులియబెడితే రంగూ వగరూ రసంలోకి దిగి రెడ్‌వైన్‌ అవుతుంది. తొక్క తీసేసి రసాన్నే పులియబెడితే వైట్‌వైన్‌. కొన్ని గంటలు మాత్రమే తొక్కతో ఉంచితే గులాబీరంగు ‘రోజే’. సీసాలోనే రెండోసారి పులియబెట్టి బుడగల్ని బంధిస్తే షాంపేన్‌లాంటివి. ఆ పేరు మాత్రం ఫ్రాన్స్‌లోని షాంపేన్‌ ప్రాంతంలో తయారైనదానికే చెల్లుతుంది.

ఒకప్పుడు హైదరాబాద్‌ చుట్టుపక్కల పేరుమోసిన అనాబ్‌-ఎ-షాహి తినే ద్రాక్ష. వైన్‌ ద్రాక్ష వేరు. గింజ చిన్నది, తొక్క మందం, లోపల విత్తనాలు. యూరప్‌లో సెప్టెంబరు, అక్టోబరుల్లో కోతకొస్తుంది. మన నాసిక్‌లో ఏడాదికి రెండుసార్లు తీగలు కత్తిరించి, చలి వెళ్లేవేళ కోస్తారు. అక్కడ విరివిగా కనిపించే షెనిన్‌ బ్లాంక్‌, సావిన్యాన్‌ బ్లాంక్‌, షిరాజ్‌... ఈ మూడు పేర్లతోనే ఓనమాలు దిద్దొచ్చు.

నాలుగే ప్రశ్నలు

గుక్క నోట్లో పడ్డాక వేసుకోవాల్సిన ప్రశ్నలు నాలుగే. తియ్యగా ఉందా? నోట్లో నీళ్లూరుతున్నాయా? చిగుళ్లు ఎండినట్టు పట్టేస్తున్నాయా? గొంతు వెచ్చబడుతోందా?

మొదటిది తీపి. ఇక్కడే చాలామంది పొరబడతారు. పండు వాసన వచ్చినంత మాత్రాన వైన్‌ తియ్యగా ఉన్నట్టు కాదు. రెండోది పులుపు. నిమ్మకాయ తలచుకున్నా లాలాజలం ఊరినట్టే, పులుపున్న వైన్‌ నోటిని తడి చేస్తుంది. మూడోది వగరు. లేత జామపిందె, నేరేడుపండు, వక్క, ఎక్కువసేపు మరిగిన టీ డికాక్షన్‌... అన్నిట్లోనూ ఉన్న పట్టు ఇదే. టీలో పాలు పోస్తే వగరు తగ్గుతుంది కదా, రెడ్‌వైన్‌ పక్కన చీజ్‌ పెట్టడం వెనకా అదే కిటుకు. నాలుగోది ఆల్కహాల్‌. ఎక్కువగా ఉంటే గొంతులో వేడి తగులుతుంది. ఇక చిక్కదనం అంటారా, వెన్నతీసిన పాలకూ గేదెపాలకూ ఉన్న తేడానే.

మిగతాదంతా ముక్కు పని. జలుబు చేసినప్పుడు పులుసు కూడా చప్పగా ఉంటుందంటే కారణం అదే. గ్లాసులో మూడోవంతే పోసి, గుండ్రంగా తిప్పి, వాసన చూడమనేది అందుకే. పుస్తకాల్లో చదివిన బ్లాక్‌కరెంట్‌, గూస్‌బెర్రీల కోసం వెతుక్కోనక్కర్లేదు. జామ, మామిడి, లవంగం, తడిసిన మట్టి... తెలిసిన వాసన పేరే రాసుకోవాలి. షిరాజ్‌లో కొన్నిసార్లు మిరియాల ఘాటు తగులుతుంది. అది ఊహ కాదు. మిరియాల్లో ఉండే రోటండోన్‌ అనే పదార్థమే షిరాజ్‌లోనూ ఉందని 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు తేల్చారు.

కళ్లు చేసే మాయ

రుచి చూసేది నాలుక అనుకుంటాం. కానీ తీర్పు చెప్పేది చాలాసార్లు కళ్లే! ఫ్రాన్స్‌లోని బోర్డో విశ్వవిద్యాలయంలో వైన్‌ శాస్త్రం చదివే 54 మందికి పరిశోధకులు వైట్‌వైన్‌లో వాసనలేని ఎర్రరంగు కలిపి ఇచ్చారు. వాళ్లు దాన్ని వర్ణించడానికి రెడ్‌వైన్‌కు వాడే మాటలే వాడారు. ఈ ఫలితాలు 2001లో అచ్చయ్యాయి.

అంతకన్నా పెద్ద సంచలనం 1976 మే 24న పారిస్‌లో జరిగింది. స్టీవెన్‌ స్పరియర్‌ అనే బ్రిటిష్‌ వ్యాపారి లేబుళ్లు కనిపించకుండా ఫ్రాన్స్‌, కాలిఫోర్నియా వైన్లను ఫ్రెంచి న్యాయనిర్ణేతల ముందుంచాడు. వైట్‌లో షాటో మాంటెలీనా, రెడ్‌లో స్టాగ్స్‌ లీప్‌ మొదటిస్థానంలో నిలిచాయి. రెండూ కాలిఫోర్నియావే! లేబుల్‌ దాచగానే దిగ్గజాల తీర్పే తారుమారైంది. ధర చూసి బెదిరిపోయే కొత్తవాళ్లకు ఇంతకన్నా భరోసా ఏం కావాలి?

ఊరి పేరా... ద్రాక్ష పేరా?

లేబుల్‌ చదవడానికీ ఓ చిన్న సూత్రముంది. యూరప్‌ సీసాల మీద చాలావరకూ ఊరిపేరే ఉంటుంది. షాబ్లీ అంటే ద్రాక్ష షార్డొనే. సాన్సేర్‌ వైట్‌ అంటే సావిన్యాన్‌ బ్లాంక్‌. బర్గండీ రెడ్‌ అంటే దాదాపుగా పినో న్వార్‌. అమెరికా, ఆస్ట్రేలియా, మనదేశం సీసాల మీద సాధారణంగా ద్రాక్ష పేరే రాస్తారు. మొదట్లో వీటితో మొదలెట్టడం తేలిక. సిరా, షిరాజ్‌... రెండూ ఒకటే ద్రాక్ష.

సంవత్సరం వేసి ఉంటే అది ద్రాక్ష కోసిన ఏడాది. ‘ఎంత పాతదైతే అంత గొప్ప’ అన్నది అన్నిటికీ వర్తించదు. మార్కెట్లో దొరికేవాటిలో ఎక్కువభాగం కొన్నేళ్లలోపే తాగాల్సినవి. ‘రెడ్‌వైన్‌ గది ఉష్ణోగ్రతలో ఇవ్వాలి’ అన్నమాట కూడా చల్లటి దేశాలది. వాళ్ల గది 18 డిగ్రీలు, మన వేసవి గది 35! కాబట్టి రెడ్‌నైనా అరగంట ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే.

వారానికో అరగంట

మొదటి వారం వైన్‌ ఊసే వద్దు. నిమ్మరసం కలిపిన నీళ్లు, పంచదార నీళ్లు, పాలు కలపని చిక్కటి టీ. మూడూ పక్కపక్కన పెట్టుకుని పులుపు, తీపి, వగరు నోట్లో ఎక్కడెక్కడ ఎలా తగులుతున్నాయో గమనించాలి. రెండోవారం ఒక వైట్‌, ఒక రెడ్‌. మూడోవారం రెండు వైట్లు. నాలుగోవారం రెండు రెడ్లు. ఎప్పుడూ రెండే, ఎప్పుడూ పక్కపక్కనే. విడిగా చూస్తే తెలియని తేడా, జంటగా పెడితే ఇట్టే దొరుకుతుంది. నలుగురు మిత్రులు కలిస్తే ఖర్చూ పావువంతే. ఒక్కోదానికి నాలుగు ప్రశ్నలు, నాలుగు జవాబులు... నోట్‌బుక్కులో రాసుకుంటే చాలు.

ఐదోవారం భోజనంతో. కారం మండిపోయే వేపుడుకు వగరు, ఆల్కహాల్‌ ఎక్కువున్న రెడ్‌ తోడైతే మంట మరింత పెరుగుతుంది. కాస్త తీపి ఉన్న చల్లటి వైట్‌ అయితే చల్లారుస్తుంది. గోంగూరలాంటి పుల్లటి కూర పక్కన పులుపు తక్కువున్న వైన్‌ చప్పబడిపోతుంది.

ఇక హోటల్లో సీసా తెరిచి ముందుగా ఒక్క గుక్క పోస్తారు. అది ‘నచ్చిందా’ అని అడగడానికి కాదు, ‘చెడిపోలేదు కదా’ అని చూసుకోవడానికి! తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా వల్ల పాడైనట్టు. వెనిగర్‌ వాసనొచ్చినా చెప్పేయొచ్చు. బాగుంటే తలూపితే సరిపోతుంది.

లెక్క మరవొద్దు

‘వైన్‌ మందు కాదులే’ అన్నమాట మాత్రం పచ్చి అబద్ధం. 13 శాతం ఆల్కహాల్‌ ఉన్న 750 మిల్లీలీటర్ల సీసాలో 97.5 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్‌ ఉంటుంది. 5 శాతం ఆల్కహాల్‌ ఉన్న 650 మిల్లీలీటర్ల బీరుసీసాలు మూడింటితో సరిగ్గా సమానం! 150 మిల్లీలీటర్ల గ్లాసు వైన్‌లో ఉండే ఆల్కహాల్‌ 30 మిల్లీలీటర్ల విస్కీలో కన్నా ఎక్కువే.

రోజూ కాస్త రెడ్‌వైన్‌ గుండెకు మంచిదన్న ప్రచారం 1990ల్లో జోరుగా సాగింది. ఇప్పుడు ఆ మాట నిలబడటం లేదు. ఆరోగ్యానికి హాని లేని మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. ఆల్కహాల్‌ క్యాన్సర్‌ కారకం కూడా. కాబట్టి తాగని వాళ్లు ఆరోగ్యం పేరుతో మొదలుపెట్టాల్సిన పనిలేదు. గర్భిణులు, కాలేయ జబ్బులున్నవాళ్లు, మందులు వాడేవాళ్లు దూరంగా ఉండాలి. తెలుగు రాష్ట్రాల్లో 21 ఏళ్లు నిండనివాళ్లకు చట్టమే ఒప్పుకోదు. రుచి చూశాక బండి తాళాలు ఇంకొకరికి ఇచ్చేయాలి.

మరి నేర్చుకోవడం ఎలా? దానికీ దారుంది. ఒకేరోజు పదుల రకాలు రుచిచూసే నిపుణులు గుక్క నోట్లో పుక్కిలించి పక్కనున్న పాత్రలో ఉమ్మేస్తారు. అందులో అమర్యాదేమీ లేదు, అదే వాళ్ల పద్ధతి. 2016లో ‘మాస్టర్‌ ఆఫ్‌ వైన్‌’ అందుకున్న తొలి భారతీయురాలు సోనాల్‌ హాలండ్‌ దాకా అందరిదీ అదే సాధన. వైన్‌ గురించి బాగా తెలిసినవాళ్లను గుర్తుపట్టడం చాలా సులువు... వాళ్ల గ్లాసుకన్నా వాళ్ల నోట్‌బుక్కు త్వరగా నిండుతుంది!