వేగము హెచ్చిన దూరమెంత?



కొన్నియేండ్ల క్రిందట నేను దివిసీమలో కరకట్టమీదుగా బస్సులో అవనిగడ్డకు పోవుచుంటిని. హఠాత్తుగా గేదెలమంద యడ్డము వచ్చెను. డ్రైవరు బ్రేకు వేసెను. చాలదూరము జారి, పసులకాపరి బాలునికి మూరెడు దూరమున బస్సు నిలిచెను. నా ప్రక్కనున్న పెద్దమనిషి, "వేగము రెట్టింపైన, ఆగుటకు రెట్టింపు దూరమే గదా కావలయును? ఇంతదూరమేల జారినది?" అని యడిగెను. నేటి ప్రసంగము ఆ ప్రశ్నకు సమాధానమే.

గుడివాడనుండి బందరు పోవు రైలు గుడ్లవల్లేరు దాటునప్పుడు సెకనుకు 5 మీటర్ల వేగమున నున్నదనుకొందము. పిమ్మట ప్రతిసెకనునకు అరమీటరు చొప్పున వేగము హెచ్చినది. ఈ హెచ్చుదల రేటునకు త్వరణమని పేరు. 20 సెకనులకు వేగము 10 పెరిగి 15 అగును. త్వరణమును కాలముచే హెచ్చించి తొలివేగమునకు కూడిన తుదివేగము వచ్చును. ఇది మొదటి సూత్రము.

ఇక దూరము. మీరెల్లరు పొలము కొలిచినవారే. పొడవు 20, ఒక కొన వెడల్పు 5, రెండవ కొన 15 గల చేని వైశాల్యమెట్లు కట్టుదురు? కొనలు రెంటిని కూడి, సగముచేసి, పొడవుచే హెచ్చింతురు: 200. ఇచ్చట కాలమే పొడవు, వేగమే వెడల్పు. రైలు నడచిన దూరము 200 మీటర్లు. ఆ చేనినే దీర్ఘచతురస్రముగను త్రిభుజముగను చీల్చిన 100, 100 వచ్చును. మొదటిది తొలివేగ కాలముల లబ్ధము. రెండవది త్వరణమును కాలవర్గముచే హెచ్చించినదానిలో సగము. ఇది రెండవ సూత్రము. నిశ్చలస్థితినుండి బయలుదేరు వస్తువు విషయమున గెలీలియో 1638లో ప్రకటితమైన తన గ్రంథమున ఇట్టి పటముతోనే నిరూపణ చేసెను.

వేగముల భేదము త్వరణ కాలముల లబ్ధము. వేగముల మొత్తము, రెట్టించిన దూరమును కాలముచే భాగింపగా వచ్చునది. ఈ రెంటిని హెచ్చించిన కాలము తొలగిపోవును. వేగవర్గముల భేదము త్వరణ దూరముల లబ్ధమునకు రెట్టింపని తేలును. మన రైలునకు 225లో 25 పోగా 200, రెండవప్రక్కను 200. ఇది మూడవ సూత్రము.

బస్సు కడకు మరలుదము. బ్రేకు వేగమును సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గించుననుకొందము. వేగము 10 అయిన 2 సెకనులలో, 10 మీటర్లలో ఆగును. 20 అయిన కాలమును రెట్టింపు, సగటువేగమును రెట్టింపు. కావున దూరము 40 మీటర్లు, అనగా నాలుగింతలు!

వేగముగ వచ్చు బండి మన కేకకు నిలువదు. దాని లెక్క ప్రకారమే నిలుచును. రైలుగేటు కడను, కరకట్టమీదను పిల్లలకీ మాట చెప్పుడు.